పోయిన పన్ను స్థానంలో బ్రిడ్జా, ఇంప్లాంటా, తీసిపెట్టుకునే పళ్లా?

తొలకరి

నమస్కారం. కింది దవడలో కుడివైపు మొదటి దవడపన్ను తీయించుకోవలసి వచ్చింది. చాలా ఏళ్ల క్రితం రూట్ కెనాల్ చేసిన పన్ను అది. వేరు నిలువునా చీలిందని, ఇక కాపాడే మార్గం లేదని డాక్టర్ చెప్పారు. గాయం మానిపోయింది. ఇప్పుడు ఆ ఖాళీ సంగతి తేల్చుకోవాలి.

ఆ డాక్టర్ మూడు పళ్ల బ్రిడ్జి కట్టించుకోమన్నారు. ఖాళీకి అటూ ఇటూ ఉన్న రెండు పళ్లనూ అరగదీసి, వాటి మీద తొడుగులు పెట్టి, మధ్యలో కృత్రిమ పన్నును వాటికి కలిపి అతికిస్తారట. ఆ రెండు పళ్లకూ ఇంతవరకు పుచ్చు రాలేదు, ఫిల్లింగ్ అవసరం పడలేదు. అంత చక్కని పళ్లను అరగదీయించుకోవడానికి మనసు రావడం లేదు. ఇంకొక డాక్టర్‌ను అడిగితే ఇంప్లాంట్ మేలన్నారు. ఎముకలోకి స్క్రూ దింపడమంటే అదొక భయం. ఇంట్లోవాళ్లేమో "లోపలి పన్నే కదా, ఎవరికి కనిపిస్తుంది, అలాగే వదిలెయ్" అంటున్నారు.

వీటిలో ఏదైనా చేయించుకున్నవాళ్లు, ఈ రంగంలో పనిచేసేవాళ్లు దయచేసి చెప్పండి. ఎంతకాలం నిలుస్తాయి, తర్వాత ఏం చేసుకోవాలి అన్నవే నాకు ముఖ్యం.

చిగురాకు

తొలకరి గారూ, నేను దంతవైద్యురాలిని. పోయిన పళ్ల స్థానంలో కొత్తవి అమర్చడమే నా రోజువారీ పని. మీ నోరు చూడకుండా ఫలానాది చేయించుకోండని చెప్పకూడదు. ఆలోచన ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం చెప్పగలను. చాలామంది ఖాళీని చూసి నిర్ణయించుకుంటారు. నేను ముందు దాని పక్కపళ్లను చూస్తాను.

బ్రిడ్జి బరువంతా ఆ పక్కపళ్లే మోయాలి. తొడుగు పట్టాలంటే పన్నును చుట్టూ, పైనా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీయాలి. వినడానికి చిన్న కొలతే. కానీ పంటి తలభాగంలో సగానికి పైగా అలా పోతుంది. ఎనామెల్ తిరిగి పెరగదు. ఒకసారి అరగదీసిన పన్నుకు జీవితాంతం తొడుగు ఉండాల్సిందే. లోపలి నరం ఆ దెబ్బకు మెల్లగా చచ్చిపోయి, తర్వాత రూట్ కెనాల్ అవసరపడే పళ్లూ ఉంటాయి. పదేళ్ల కాలంలో పదింట ఒకటి దాకా అలా అవుతాయని లెక్క.

కాబట్టి ఆ రెండు పళ్లూ మచ్చలేనివైతే, మీ మనసు వెనకాడటంలో న్యాయం ఉంది. అదే పళ్లలో పెద్ద ఫిల్లింగులు ఉన్నా, రూట్ కెనాల్ అయి ఎలాగూ తొడుగు వేయాల్సి ఉన్నా, లెక్క పూర్తిగా మారిపోతుంది. అప్పుడు బ్రిడ్జి కోసం మనం కొత్తగా పోగొట్టుకునేది పెద్దగా ఉండదు, ఒకే పనితో మూడు పళ్లూ బాగుపడతాయి. మీరు చెప్పిన రెండు పళ్ల ఎక్స్‌రే తీశారా? వేళ్ల పొడవు, వాటి చుట్టూ ఎముక ఎంత ఉంది, చిగురు జబ్బు ఉందా అన్నవి తెలియకుండా బ్రిడ్జి మాట ఎత్తకూడదు.

పాతచెట్టు

నాకు పై దవడలో బ్రిడ్జి ఉంది. చిగురాకు గారు చెప్పిన రెండో రకం నాది. ఖాళీకి ఒకవైపు పన్నుకు రూట్ కెనాల్ అయింది, రెండోవైపు పన్నులో సగం ఫిల్లింగే. అందుకే బ్రిడ్జి వేశారు. నమలడంలో తేడా తెలియదు, నా పన్ను కాదన్న సంగతే గుర్తుండదు. పని కూడా త్వరగా అయిపోయింది. పళ్లు అరగదీసి, అచ్చు తీసి, తాత్కాలిక బ్రిడ్జి పెట్టి పంపారు. అసలుది ల్యాబ్ నుంచి వచ్చాక అతికించారు.

కష్టం శుభ్రం చేసుకోవడంలో ఉంది. మూడు పళ్లూ కలిసి ఉంటాయి కాబట్టి మామూలు దారం పైనుంచి దిగదు. కొస గట్టిగా ఉండే ప్రత్యేకమైన ఫ్లాస్ దొరుకుతుంది. దాన్ని పక్కనుంచి కృత్రిమ పన్ను కిందికి దూర్చి, అటూ ఇటూ లాగాలి. సన్నని సీసా బ్రష్‌లాంటి ఇంటర్‌డెంటల్ బ్రష్ కూడా వాడతాను. రాత్రి ఈ పని మానేస్తే మర్నాడే నోట్లో వాసన తెలుస్తుంది.

ఇంకొకటి ముఖ్యం. కొంతకాలానికి ఆ బ్రిడ్జి ఒకవైపు పట్టు వదిలింది. నొప్పి లేదు. రూట్ కెనాల్ అయిన పన్ను కదా, నొప్పి ఎలా తెలుస్తుంది? గట్టిగా కొరికినప్పుడు చిన్న కదలిక, నోట్లో ఏదో చేదు రుచి, అంతే. డాక్టర్ బ్రిడ్జిని వేలితో నొక్కి చూస్తే అంచు దగ్గర సన్నని బుడగలు వచ్చాయి. ఒకవైపు సిమెంటు కరిగి, లోపలికి ఉమ్మి చేరుతోందని అప్పుడు అర్థమైంది. వెంటనే తీసి చూశారు కాబట్టి పన్ను మిగిలింది. బ్రిడ్జి ఊడి పడకపోయినా లోపల పన్ను కుళ్లిపోవచ్చు. ఆ చేదు రుచిని ఎవరూ నిర్లక్ష్యం చేయకండి.

దంతశిల్పి

నేను డెంటల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల మీద బ్రిడ్జిలు, తొడుగులు తయారుచేస్తాం. ఇప్పుడు చాలావరకు నోటిని స్కాన్ చేసి ఫైలు పంపుతున్నారు, మేము కంప్యూటర్‌లో రూపం దిద్ది యంత్రంతో కోస్తాం.

నా వైపు నుంచి మూడు సంగతులు. బ్రిడ్జి ఒక దూలం లాంటిది. ఖాళీ పొడవు రెట్టింపైతే అది వంగడం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. మందం సగానికి తగ్గితే కూడా అంతే. అందుకే ఒక పన్ను ఖాళీకి నిశ్చింతగా చేసేదాన్ని మూడు పళ్ల ఖాళీకి అలాగే చేయలేం. ఆధారంగా నిలిచే పళ్ల వేళ్ల విస్తీర్ణం, పోయిన పళ్ల వేళ్ల విస్తీర్ణానికి కనీసం సమానంగా ఉండాలని 1926 నుంచి ఒక సూత్రం ఉంది, ఆంటే సూత్రం అంటారు. దాన్ని ఇప్పుడు అక్షరాలా పాటించకపోయినా, పొడవాటి బ్రిడ్జి అనగానే అది గుర్తుకు వచ్చి తీరుతుంది.

రెండోది, కృత్రిమ పన్ను అడుగు. అది చిగురును తాకే చోట గుండ్రంగా, నునుపుగా ఉండాలి. గిన్నెలా పల్లంగా ఉంటే ఫ్లాస్ ఆ గుంతలోకి చేరదు, అక్కడే పాచి నిలుస్తుంది. అతికించే ముందు "నేను దీని కింద శుభ్రం చేసుకోగలనా, ఒకసారి చేసి చూపించండి" అని అడగండి. ఇది రోగి అడగవలసిన మాటే.

మూడోది, పదార్థం. లోహం మీద పింగాణీ పూసినవి చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి, బలమైనవి. వాటికి ఉన్న లోపం పింగాణీ పెచ్చు ఊడటం, కాలం గడిచి చిగురు కిందికి జరిగినప్పుడు అంచున నల్లగీత కనిపించడం. జిర్కోనియా తెల్లగా ఉంటుంది, చాలా గట్టిది, దవడపళ్లకు బాగా నప్పుతుంది. నికెల్ పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, చవక లోహ మిశ్రమాల్లో అది ఉండవచ్చు. చవక నగలు పెట్టుకుంటే చర్మం దురద పెట్టేవాళ్లు ముఖ్యంగా.

ముక్కుసూటి

ఇంత చర్చ ఎందుకో అర్థం కావడం లేదు. బ్రిడ్జిల కాలం అయిపోయింది. ఇంప్లాంట్ వేయించుకుంటే పక్కపళ్ల జోలికి పోనక్కరలేదు, పుచ్చు పట్టదు, జీవితాంతం ఉంటుంది. డబ్బు ఉంటే ఇంప్లాంట్, లేకపోతే బ్రిడ్జి. ఇంతకు మించి ఇందులో ఏముంది?

చిగురాకు

ముక్కుసూటి గారూ, "జీవితాంతం" అన్న మాట ఏ డాక్టర్ నోట విన్నా నేను ఒప్పుకోను. ఇది పంతం కొద్దీ అంటున్నది కాదు. ఆ మాట నమ్మి తర్వాత పరీక్షలకు రావడం మానేసినవాళ్ల నోళ్లు నేను చూస్తుంటాను.

అనేక అధ్యయనాలను కలిపి చూసిన లెక్కల ప్రకారం, రెండువైపులా పళ్ల ఆధారం ఉన్న మామూలు బ్రిడ్జిల్లో పదేళ్ల తర్వాత నోట్లో నిలిచి ఉండేవి దాదాపు 89 శాతం. ఒక్క ఇంప్లాంట్ మీద ఒక్క తొడుగు పెట్టినవీ ఆ దరిదాపుల్లోనే తేలాయి. ఒకవైపే ఆధారం ఉండి రెండోవైపు వేలాడే బ్రిడ్జిలు కొంత వెనకబడి 80 శాతం దగ్గర ఉన్నాయి. కాబట్టి బ్రిడ్జి పాతబడిన నాసిరకం పని ఏమీ కాదు. రెండూ పాడవుతాయి. పాడయ్యే తీరు వేరు.

బ్రిడ్జి పాడైతే సాధారణంగా ఆధారపు పన్ను పుచ్చిపోవడమో, నరం చావడమో, వేరు విరగడమో కారణం. అంటే బ్రిడ్జితోపాటు పన్ను కూడా పోవచ్చు, ఒక పన్ను ఖాళీ రెండు మూడు పళ్ల ఖాళీ కావచ్చు. ఇంప్లాంట్ పాడైతే పక్కపళ్లు సురక్షితం, కానీ ఎముక తరిగిపోతుంది. ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదన్నది నిజమే. దాని చుట్టూ చిగురు వాచి, చీము పట్టి, ఎముక కరిగే జబ్బు ఒకటుంది. పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. అందువల్ల జబ్బు మొదలైతే లోతుకు త్వరగా పాకుతుంది, నొప్పి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. పొగతాగేవాళ్లలో, చక్కెర జబ్బు అదుపులో లేనివాళ్లలో, చిగురు జబ్బుతోనే పళ్లు పోగొట్టుకున్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ.

నిదానం

నాకు ఇంప్లాంట్ ఉంది, తొలకరి గారికి పోయిన పన్నే నాకూ పోయింది. భయం గురించి అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పన్ను పీకించుకోవడమే దానికన్నా కష్టంగా ఉండింది. మత్తు సూది వేశాక నొప్పి లేదు. ఎముకకు రంధ్రం చేస్తున్నప్పుడు తలంతా అదురుతున్నట్టు ఉంటుంది, నీళ్లు చిమ్ముతూ ఉంటాయి. స్క్రూ బిగించేటప్పుడు ఒత్తిడి తెలుస్తుంది. తర్వాత కొద్దిరోజులు వాపు, మెత్తని తిండి. మామూలు నొప్పి మాత్రలతో సరిపోయింది.

కష్టమల్లా ఓపిక పట్టడం. స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగమంటారు. ఆ తర్వాతే పైన తొడుగు. నాకు చక్కెర ఉంది. మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చేయించి, అది అదుపులోకి వచ్చాకే మొదలుపెడతామని డాక్టర్ పట్టుబట్టారు. అప్పట్లో విసుగు కలిగింది గానీ, ఆ పట్టుదల చూసే ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఇంప్లాంట్ స్క్రూ తయారుచేసే టైటానియం లోహం ఎముకకు అతుక్కుంటుందన్న సంగతి బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1950లలో కుందేళ్ల ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి టైటానియం పరికరాలు అమర్చారు. పని అయ్యాక తీయబోతే అవి రాలేదు, ఎముక వాటిని పట్టేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టారు. అవి ఆ రోగి చనిపోయేదాకా, అంటే నాలుగు దశాబ్దాలకు పైగా పనిచేశాయి.

తొలకరి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఆ రెండు పళ్ల ఎక్స్‌రే మళ్లీ చూపించాను. వేళ్లు బాగున్నాయి, ఎముక బాగుంది, ఎక్కడా పుచ్చు లేదు.

మరి అలాగే వదిలేస్తే? ఇంట్లో అందరూ అదే మాట మీద ఉన్నారు. ఎడమవైపు హాయిగా నమలగలుగుతున్నాను.

చిగురాకు

వదిలేయడం కూడా ఒక దారే, దాన్ని తీసిపారేయను. నెదర్లాండ్స్‌కు చెందిన కైజర్ అనే దంతవైద్యుడు 1980ల తొలినాళ్లలో, వెనకపళ్లు కొన్ని లేకపోయినా చాలామంది చక్కగా నమలగలుగుతున్నారని చూపించారు. జీవితాంతం కనీసం 20 సహజమైన పళ్లు పనిచేసే స్థితిలో ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యం. చిట్టచివరి దవడపన్ను పోయి, దానికి ఎదురుపన్ను కూడా లేకపోతే నేను చాలాసార్లు "ఏమీ చేయించుకోకండి" అనే చెబుతాను. చేసితీరాలన్న తొందర అక్కడ అనవసరం.

మీది మధ్యలో పోయిన మొదటి దవడపన్ను. అక్కడ పరిస్థితి వేరు. వెనకపన్ను ముందుకు వాలవచ్చు. పైపన్నుకు కింద అడ్డు లేక అది కిందికి దిగవచ్చు. అందరికీ ఇలా జరగదు, జరిగినా ఒకే వేగంతో జరగదు. కానీ ఒకసారి వాలితే ఆ తర్వాత ఏది చేయాలన్నా చిక్కే. వాలిన పన్ను మీద బ్రిడ్జి సరిగ్గా దిగదు, ఇంప్లాంట్‌కు చోటు చాలదు, ముందు క్లిప్పులు వేసి పన్నును నిలబెట్టాల్సి వస్తుంది.

ఎముక సంగతి కూడా ఉంది. పన్ను తీసిన మొదటి ఏడాదిలో ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగం తరుగుతుంది. అందులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే. బ్రిడ్జి ఈ తరుగును ఆపలేదు, అది చిగురు పైన తేలుతూ ఉంటుంది. తీసిపెట్టుకునే పళ్లూ ఆపలేవు. ఇంప్లాంట్ ఉన్నచోట ఎముకకు పని ఉంటుంది కాబట్టి అది చాలావరకు నిలుస్తుంది. ఇంప్లాంట్ ఆలోచన ఏమాత్రం ఉన్నా మరీ ఏళ్ల తరబడి ఆలస్యం చేయొద్దనేది ఇందుకే. ఎముక చాలకపోతే ఎముక పొడి వేసి పెంచవచ్చు. పై దవడ వెనకభాగంలో సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) అడుగును పైకి జరపాల్సి రావచ్చు. చేయదగినవే, కానీ ఖర్చూ, కాలం, శ్రమ పెరుగుతాయి.

వదిలేయాలనుకుంటే ఇప్పుడే పళ్ల అచ్చో, స్కానో తీయించి ఉంచుకోండి. ఆరునెలలకోసారి దానితో పోల్చి చూస్తే పళ్లు కదులుతున్నాయో లేదో తెలుస్తుంది.

ఏరువాక

ఈ చర్చలోకి ఒక తండ్రిగా వస్తున్నాను. మా అమ్మాయికి పై ముందుపళ్లలో ఒకటి పుట్టుకతోనే రాలేదు, నడిమి పన్ను పక్కన ఉండాల్సింది. ఇంకా బడి వయసే. నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంప్లాంట్ వేయించేద్దామనుకుంటే ఇంకా ఆగాలంటున్నారు. ఎందుకు?

చిగురాకు

ఆగాలన్నవారు సరిగ్గా చెప్పారు. ఎదిగే వయసులో దవడ పెరుగుతుంటే సహజమైన పళ్లు దానితోపాటు కిందికి దిగుతూ వస్తాయి. ఇంప్లాంట్ కదలదు. కొన్నేళ్లకు మిగతా పళ్లన్నీ దిగి, అది ఒక్కటే పైన ఇరుక్కుపోయినట్టు పొట్టిగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగిందని తేల్చుకున్నాకే ముందుపళ్లకు ఇంప్లాంట్.

ఈలోగా అమ్మాయి నవ్వు దాచుకోవలసిన పనిలేదు. మేరీలాండ్ బ్రిడ్జి అని ఒకటుంది, 1980ల తొలినాళ్లలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది కాబట్టి ఆ పేరు. కృత్రిమ పన్నుకు వెనకవైపు సన్నని రెక్క ఉంటుంది. దాన్ని పక్కపన్ను వెనకభాగంలో జిగురు సిమెంటుతో అతికిస్తారు. పన్నును అరగదీయడం ఉండదు, లేదా నామమాత్రం. మొదట్లో రెండువైపులా రెక్కలు పెట్టేవారు. రెండు పళ్లూ నమిలేటప్పుడు వేరువేరుగా కదులుతాయి కాబట్టి ఒక రెక్క పట్టు వదిలేది, రెండోది పట్టుకునే ఉండేది, ఊడిన రెక్క కింద పన్ను తెలియకుండా పుచ్చేది. ఇప్పుడు ముందుపళ్లకు ఒకే రెక్క పెట్టడం మేలని తేలింది. ఊడితే మొత్తం ఊడుతుంది, మళ్లీ అతికించుకోవచ్చు. దవడపళ్ల దగ్గర నమిలే ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ దీన్ని అంతగా నమ్మలేం.

ఇంకో మాట. కొందరు పిల్లల్లో క్లిప్పులతో కోరపన్నును ముందుకు జరిపి, ఆ ఖాళీనే మూసేయవచ్చు. తర్వాత కోరపన్ను రూపాన్ని కాస్త మారుస్తారు. కృత్రిమమైనది ఏదీ నోట్లో ఉండదు. పళ్ల అమరికను బట్టి కుదురుతుందో లేదో ఆర్థోడాంటిస్ట్, అంటే క్లిప్పులతో పళ్లను సరిచేసే నిపుణులు చెప్పాలి. ఈ ప్రశ్న ఇప్పుడే అడగండి, ఎందుకంటే పళ్లను జరపడానికి ఇదే తగిన వయసు.

ఏరువాక

ఖాళీని మూసేయవచ్చన్న మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఈ వారమే అడుగుతాను. మీకు ఎంతో రుణపడి ఉంటాను.

సంజెదీపం

మా అమ్మకు పళ్లన్నీ పోయాయి, పైనా కిందా కట్టుడు పళ్లే. పైది బాగానే పట్టుకుంటుంది. కిందిది మాట్లాడుతుంటే లేచిపోతుంది. నలుగురిలో కూర్చుని తినడం మానేసింది. మళ్లీ కొత్త సెట్టు చేయించాం, అదీ అంతే. చేసినచోట "వయసు పైబడింది, సర్దుకోవాలి" అని పంపేశారు. ఆ మాటకు అమ్మ చాలా చిన్నబుచ్చుకుంది. ఎముకలు గుల్లబారకుండా ఆరునెలలకోసారి ఒక ఇంజెక్షన్ కూడా తీసుకుంటుంది.

చిగురాకు

సర్దుకోవాలి అని పంపేయడం నాకు కోపం తెప్పిస్తుంది. అమ్మగారి తప్పేమీ లేదని ముందు ఆమెకు చెప్పండి. పై సెట్టుకు అంగిలి అంతా ఆధారం. కిందిదానికి సన్నని గట్టు మాత్రమే, పైగా నాలుక, బుగ్గలు దాన్ని తోస్తూ ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ కింది ఎముక పైదానికన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ తరుగుతుందని దీర్ఘకాలపు పరిశీలనల్లో తేలింది. ఎంత మంచి పనితనం ఉన్నా పట్టుకోవడానికి చోటే లేకపోతే సెట్టు ఏం చేస్తుంది?

కింది దవడ ముందుభాగంలో రెండే రెండు ఇంప్లాంట్లు పెట్టి, సెట్టు అడుగున బటన్లలాంటి పట్లు అమర్చితే అది టక్కున పట్టుకుంటుంది. శుభ్రం చేసుకోవడానికి తీసిపెట్టుకోవచ్చు. కింది పళ్లన్నీ పోయినవారికి ముందుగా సూచించవలసిన పద్ధతి ఇదేనని 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ప్రకటించారు. వయసు ఒక్కటే దీనికి అడ్డు కాదు.

ఆ ఇంజెక్షన్ సంగతి మాత్రం జాగ్రత్త. ఎముకల కోసం వాడే బిస్ఫాస్ఫొనేట్లు, డెనోసుమాబ్ లాంటి మందుల వల్ల దవడలో శస్త్రచికిత్స తర్వాత ఎముక మానకుండా చచ్చిపోయే ముప్పు ఉంది. ఎముకల గుల్లదనానికి వాడే మోతాదులో అది తక్కువే, క్యాన్సర్‌కు వాడే పెద్ద మోతాదుల్లో చాలా ఎక్కువ. మందు పేరు, ఎప్పటినుంచి వాడుతున్నారు అన్నది దంతవైద్యులకు రాసి ఇవ్వండి. అంతేగాని మీ అంతట మీరు ఇంజెక్షన్ ఆపకండి. డెనోసుమాబ్ హఠాత్తుగా ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

పాతచెట్టు

సంజెదీపం గారూ, కట్టుడు పళ్లు రాత్రిపూట తీసి నీళ్లలో ఉంచుతున్నారా? మా నాన్నగారు తీయకుండా పడుకునేవారు, అంగిలి ఎర్రగా పుండులా అయింది. వేడినీళ్లలో వేస్తే వంకరపోతాయి. టూత్‌పేస్టుతో రుద్దితే గీతలు పడతాయి, ఆ గీతల్లో పాచి చేరుతుంది. మెత్తని బ్రష్, మామూలు సబ్బు చాలు.

ముక్కుసూటి

నా మొదటి మాట కాస్త తొందరగా తేల్చేసినట్టుంది, చిగురాకు గారి లెక్కలు చూశాక ఒప్పుకుంటున్నాను. ఒక ప్రశ్న. మా బావగారికి పైన ఇటూ అటూ కలిపి అయిదు పళ్లు లేవు. అన్నింటికీ ఇంప్లాంట్లు పెట్టించే స్తోమత లేదు. ఖాళీలు పెద్దవి, బ్రిడ్జి కుదరదన్నారు. మెత్తగా వంగే పళ్లు అని ప్రకటనల్లో చూసి అవి కావాలంటున్నారు. మంచివేనా?

దంతశిల్పి

అవి మా ల్యాబ్‌లోనూ చేస్తాం. నైలాన్‌తో చేసినవి, లోహపు కొక్కెం కనిపించదు, చూడటానికి బాగుంటాయి. అసలు సంగతి ఏమిటంటే, వాటికి మిగిలిన పళ్ల మీద ఆని నిలిచే ఆధారం ఉండదు. నమిలిన ప్రతిసారీ బరువంతా చిగురు మీదే పడుతుంది. అయిదు పళ్ల ఖాళీకి అది మంచిది కాదు, చిగురు కుంగి ఎముక తరుగుతుంది. విరిగితే బాగుచేయడం కష్టం, ఇంకో పన్ను పోతే కలపడమూ కష్టం.

కోబాల్ట్ క్రోమియం లోహపు పళ్లెంతో చేసే పాక్షిక సెట్టు గురించి అడగమనండి. సన్నగా, గట్టిగా ఉంటుంది. పక్కపళ్ల మీద చిన్న ఆనికలు ఉంటాయి కాబట్టి బరువు పళ్లకు కూడా పంచుతుంది. కొక్కేలు నవ్వినప్పుడు కనిపించని చోట పెట్టమని డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవచ్చు. పూర్తి అక్రిలిక్‌తో చేసేవి మందంగా ఉంటాయి గానీ ఖర్చు తక్కువ, పళ్లు తీసిన వెంటనే తాత్కాలికంగా పెట్టుకోవడానికి పనికొస్తాయి. ఏదైనా సరే, కొక్కెం పట్టే పళ్లను రెట్టింపు శ్రద్ధతో తోముకోవాలి. సెట్టు పెట్టుకున్నవాళ్లలో ముందు పుచ్చేవి అవే.

తొలకరి

ఇక్కడ చదివినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగాను. మూడుకొలతల స్కాన్ తీశారు. కింది దవడ ఎముకలో పెదవికి స్పర్శనిచ్చే నరం ఒకటి వెళుతుందని, ఇంప్లాంట్ కొసకూ దానికీ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంచాలని తెర మీద కొలిచి చూపించారు. నాకు అంతకన్నా ఎక్కువే ఉంది. ఎముక వెడల్పు కూడా చాలుతుందట, పొడి వేయనక్కరలేదు. బ్రిడ్జి చెప్పిన మొదటి డాక్టర్‌ను కూడా కలిసి స్కాన్ చూపించాను. పక్కపళ్లు ఇంత బాగున్నప్పుడు ఇంప్లాంట్‌కే తనూ ఒప్పుకుంటానన్నారు. కాబట్టి ఇంప్లాంటే చేయించుకుంటున్నాను.

ఒక్క సందేహం. తొడుగును స్క్రూతో బిగిస్తారా, సిమెంటుతో అతికిస్తారా అని నన్నే ఎంచుకోమన్నారు. ఏది మేలు?

చిగురాకు

దవడపన్నుకు వీలైతే స్క్రూతో బిగించేదే కోరుకోండి. ఏదైనా తేడా వస్తే విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించవచ్చు. సిమెంటు పద్ధతిలో చిగురు కింద కాస్త సిమెంటు మిగిలిపోతే అదే వాపుకు కారణమవుతుంది. స్క్రూ రకానికి పైన చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని పన్ను రంగు పదార్థంతో మూస్తారు, కింది దవడపన్ను మీద అది పెద్దగా కనిపించదు. స్క్రూ ఎప్పుడైనా వదులైతే తొడుగు కదులుతుంది. భయపడకుండా వెంటనే వెళ్లి బిగించుకోవాలి, కదులుతున్నదానితో నములుతూ ఉంటే స్క్రూ విరుగుతుంది. రాత్రి నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉంటే ముందే చెప్పండి, దానికి తొడుక్కునే పలక వేరే ఇస్తారు.

నిదానం

తొలకరి గారూ, మంచి నిర్ణయం. పని పూర్తయ్యాక ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఏ కొలత, ఏ బ్యాచ్ అన్న వివరాలున్న కార్డు అడిగి తీసుకోండి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం పనిముట్టు కావాలి. ఎప్పుడైనా ఊరు మారి వేరే డాక్టర్ దగ్గరికి వెళితే, ఆ వివరాలు లేకుండా తొడుగు విప్పడానికే తంటాలు పడాలి. కార్డును ఫొటో తీసి ఫోనులోనూ ఉంచుకోండి.